డబల్ బార్ సైకిల్‌ని 1910 నాటి మోటార్ సైకిల్ లెక్క తయారు చేసుడు: మొదటి నట్టు నుంచి బంగారు గీత దాకా

పాత డబల్ బార్ సైకిల్‌ని గోడకి ఆనిచ్చి రెండడుగులు వెనక్కి జరిగి పక్కనుంచి చూడండి. పైన రెండు బార్లు, వాటి మధ్య ఖాళీ. ఇప్పుడు 1910ల నాటి ఏదైనా మోటార్ సైకిల్ ఫోటో ఫోన్‌లో తీసి పక్కన పెట్టండి, అదే రెండు బార్లు, అదే ఖాళీ, కాకపోతే ఆ ఖాళీలో సన్నటి పొడుగాటి పెట్రోల్ ట్యాంకు ఇరికించి ఉంటది. వాటినే ఫ్లాట్ ట్యాంక్ బండ్లు అంటరు. అప్పట్లో మోటార్ సైకిల్ అంటే సైకిల్‌కి ఇంజన్ తగిలించుడే, 1901లో ఇండియన్, రాయల్ ఎన్‌ఫీల్డ్, 1902లో ట్రయంఫ్, 1903లో హార్లే, అందరి మొదటి బండ్లు అటుఇటుగా అట్లనే ఉంటయి. ట్రయంఫ్ వాళ్లైతే మొదటి బండికి బెల్జియం నుంచి మినర్వా ఇంజన్ తెచ్చి పెట్టిన్రు. బార్ మీద జీను లెక్క కూర్చునే ట్యాంకులు 1920లు సగం దాటినంక గానీ మామూలు కాలే.

అంటే వింటేజ్ లుక్కు మనం కొత్తగా తేవాల్సింది ఏం లేదు, అది మన అట్లాస్‌లో, హీరోలో, అవాన్‌లో ముందే ఉంది, మనం చేతులారా ఖరాబు చేయకుంటే చాలు. ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క మాట మీదనే నడుస్తది. రెండు బండ్లు చేసిన నేను, ఒకటి పెట్రోల్‌ది, ఒకటి కరెంటుది. మొదటిది ఎందుకు పక్కన పెట్టిన, రెండోది ఎట్ల చేసిన, అంతా చెప్త.

పెట్రోలా, కరెంటా

మొదట అందరిలాగే నేను కూడా ఆన్‌లైన్‌ల దొరికే టూ స్ట్రోక్ కిట్టు తెప్పించిన. 80 సీసీ అని రాసుంటది, కానీ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు 47 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 38 మి.మీ., లెక్క కట్టండి, 66 సీసీ వస్తది. సరే అది చిన్న అబద్ధం. అసలు తలనొప్పి వెనక చక్రం దగ్గర మొదలైంది. కిట్టులో వచ్చే పెద్ద పళ్ల చక్రాన్ని రెండు రబ్బరు బిళ్లల మధ్య పుల్లలని బిగించి తొమ్మిది బోల్టులతో కట్టాలె, ఆ తొమ్మిది హోల్స్ 36 పుల్లల చక్రానికి లెక్క కట్టి కొట్టినయి. మన పాత సైకిళ్లకి ముందు 32, వెనక 40 పుల్లలు. ఇంగ్లీషోళ్ల పాత అలవాటు అది, ఇప్పటికీ నడుస్తుంది. కూర్చోదు. నేను బలవంతంగా కూర్చోబెట్టిన, నెల తిరక్కముందే వరుసగా ఆరు పుల్లలు పట్‌మని తెగినయి.

రెండోది చట్టం. ఇది చాలామంది తెలుసుకోకుండనే డబ్బులు పోస్తరు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2లో 28వ క్లాజు చూడండి: నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి ఇంజన్ 25 సీసీ దాటకుంటేనే అది మోటారు వాహనం లెక్కలోకి రాదు. 48 సీసీ, 66 సీసీ కిట్లు రెండూ దాటినయి. దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలె, ఇంట్లో చేసిన దానికి రిజిస్ట్రేషన్ చేపిచ్చుకునుడు అయ్యే పని కాదు. నా పెట్రోల్ బండి ఇప్పుడు ఊర్లో మా బాపు పొలం గట్టు మీద తప్ప ఎక్కడ తిరగదు. అయినా పొలంలనో, సొంత జాగలనో సరదాకి చేసుకుంటా అంటరా, చేసుకోండి, కొత్త ఇంజన్‌కి లీటర్‌కి 50 మి.లీ. టూటీ ఆయిల్, ఇంజన్ కుదురుకున్నంక 40 మి.లీ. కలపండి, నెల దాకా నడపను అనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి, ఇప్పుడొచ్చే పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ ఉంటది, అది నీళ్లు పీల్చుకుంటది, పాత రకం రబ్బరు పైపుల్ని కూడా తినేస్తది.

కరెంటుకి రూలు వేరే. మోటారు 0.25 కిలోవాట్ల లోపు, స్పీడు గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేసి తూస్తే 60 కిలోల లోపు, మంచి బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్. కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌ల ఉన్న లెక్క ఇది, దీంట్లో ఉందని ఆ రూల్స్‌ల చెప్పిన టెస్టింగ్ ఏజెన్సీ పరీక్షించి ఒప్పుకుంటే మీది మోటారు వాహనం కాదు. ఇగ నాకు కరెంటు బండిల నచ్చింది ఇంకోటుంది, పొద్దున ఆరింటికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లకెంచి తీస్తే ఒక్కరు కూడా బాల్కనీలకి రారు.

అందుకే కింద రాసిందంతా కరెంటు బండి గురించే.

సైకిల్ ఎక్కడ, ఎట్లాంటిది

మా హైదరాబాద్‌ల ఆదివారం ఎర్రగడ్డ అంగడి, గురువారం జుమ్మెరాత్ బజార్, ఈ రెండు చోట్ల ఓపిక ఉంటే దొరుకుతది. అంతకంటే మంచి జాగా మీ గల్లీలోని పంక్చర్ షాపు, అక్కడ మూలకి తుప్పు పట్టి పడున్న సైకిల్ ఎవరిదని అడగండి. పాలోళ్ల సైకిళ్లు వద్దు, క్యాన్ల బరువు మోసీ మోసీ వెనక భాగం కుంగిపోయి ఉంటది. కొన్నప్పుడు రశీదో, కనీసం ఒక కాగితం మీద సంతకమో తీస్కోండి, దొంగ మాల్ అయితే మన మెడకి చుట్టుకుంటది.

చూసేది రంగు కాదు, ఫ్రేము. హ్యాండిల్ కింద రెండు బార్లు కలిసే చోట, పెడల్ ఇరుసు గూడు దగ్గర, వెనక చక్రం ముందుండే అడ్డ ముక్క దగ్గర గోరుతో గీకి చూడండి, వెంట్రుక మందం పగులు ఉన్నా వదిలేయండి. తర్వాత దారం పరీక్ష. ఒక దారాన్ని వెనక ఇరుసు కూర్చునే గాడి నుంచి మొదలుపెట్టి ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి అవతలి గాడికి కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా సమానంగా ఉండాలె. రెండు మిల్లీమీటర్ల తేడా పర్లేదు, ఐదు దాటితే ఆ ఫ్రేము ఎప్పుడో బస్సుకో ఆటోకో ముద్దు పెట్టినట్టే.

ఇంకొకటి, ఎవరెన్ని చెప్పినా ఈ ఫ్రేముకి వెల్డింగ్ పెట్టకండి. పాత గొట్టాలు కీళ్ల దగ్గర ఇత్తడితో అతికించి ఉంటయి, అక్కడ ఆర్క్ వెల్డింగ్ పెడితే ఇత్తడి కరిగి కీలు కమ్మగా ఊడొస్తది, గొట్టం కూడా పెళుసయితది. ఏది తగిలించాలన్నా క్లాంపులే, లోపల రబ్బరు ముక్క పెట్టి.

మొత్తం విప్పేయండి. పెడల్ చేతిని ఇరుసుకి బిగించి ఉంచే కాటర్ పిన్ను మొండికేస్తది, నట్టు పూర్తిగా తీయకుండా పిన్ను చివరతో సమానంగా ఉంచి, కింద గొట్టం ముక్క ఆనిచ్చి ఒక్కటే గట్టి దెబ్బ కొట్టండి. పది చిన్న దెబ్బలు కొడితే పిన్ను పుట్టగొడుగు అయితది, అప్పుడు డ్రిల్లే గతి. గోళీలు, కోన్లు, గ్రీజు అన్నీ కొత్తవి వేయండి, వందల్లో అయిపోయే ఖర్చు ఇది, పాత గోళీలు దాచుకుని ఏం చేస్తరు.

ముందు బ్రేకులు

మోటారు గురించి అడిగేటోళ్లు వంద మంది, బ్రేకు గురించి అడిగినోళ్లు నాకు ఇప్పటిదాకా ఇద్దరు. పాత సైకిల్ రాడ్ బ్రేకు చూడ్డానికి మస్తుంటది, కానీ స్టీలు రిమ్ము లోపలి అంచు మీద రబ్బరు రాసుకునుడు అది, వానల తడిస్తే లివర్ మొత్తం పిండినా బండి మీ మాట వినదు. ఖాళీ రోడ్డు మీద 12 స్పీడ్‌ల పోయే సైకిల్‌కి అది చాలు, ముప్పై కిలోల బండి 25 స్పీడ్‌ల పోయేటప్పుడు చాలదు.

నేను చేసింది: వెనక కోస్టర్ హబ్బు, అంటే పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడేది. ఆన్‌లైన్‌లో తెప్పించిన, 36 పుల్లలది. దీని ఇరుసు మన వెనక గాడిల సరిపోతది, ఫ్రేము సాగదీసే పని లేదు. దీంతోని రాడ్లు, లివర్లు అన్నీ పోయి బండి ఒక్కసారిగా శుభ్రంగా కనపడ్తది, పాత బండ్ల ఫోటోల్లో ఉండే ఆ ఖాళీతనం వస్తది. ఒకటి మర్చిపోవద్దు, హబ్బుకి ఎడమ పక్కన ఒక ఇనుప చెయ్యి ఉంటది, దాన్ని ఫ్రేముకి క్లాంపుతో గట్టిగా కట్టాలె, కట్టకుంటే బ్రేకు వేసిన మొదటిసారే ఇరుసు మొత్తం తిరిగి పోతది. ఇంకో సంగతి, చైన్ పడిపోతే వెనక బ్రేకు కూడా పోయినట్టే, కాబట్టి చైన్‌కి మధ్యలో వేలుతో నొక్కితే అరంగుళం మించి ఊగొద్దు.

ముందు చక్రానికి పొడుగు చేతుల క్యాలిపర్ బ్రేకు, అంటే రిమ్ముని రెండు పక్కల నుంచి పట్టుకునేది. ఫోర్కు తల మీద మడ్‌గార్డ్ బోల్టు హోలు చాలా సైకిళ్లకి ఉంటది, అక్కడి నుంచి రిమ్ము మధ్యకి దూరం టేపుతో కొలిచి ఆ కొలతకి అందే క్యాలిపర్ అడగండి. రిమ్ము అల్యూమినియందే కావాలె, స్టీలు రిమ్ము మీద క్యాలిపర్ పెట్టి లాభం లేదు. లివర్ మాత్రం కరెంటు మోటారు కిట్టుతోని వచ్చేది వాడండి, దాంట్ల మోటారు కట్ చేసే స్విచ్ ఉంటది.

28 అంటే 28 కాదు

ఇక్కడ నేను బోల్తా పడ్డ. మన పాత సైకిల్ టైరు మీద 28 × 1½ అని ఉంటది. మోటారు కిట్టు అమ్మేటాయన 28 ఇంచుల చక్రం ఉంది అన్నడు, సరే అని తెప్పించిన, తీరా చూస్తే మన టైరు ఆ రిమ్ము మీద లూజు చొక్కా లెక్క ఊగుతుంది. ఎందుకంటే మన 28 రిమ్ముకి టైరు కూర్చునే చోట 635 మి.మీ., కిట్టులోళ్ల 28 అంటే 622 మి.మీ., దాన్నే 700సీ అని కూడా అంటరు. అమ్మినాయన్ని తిట్టలేను, ఆయన భాషల అది 28నే. మీరు మాత్రం ఇంచులు నమ్మకండి, టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-635, 40-622 అని ఉండే నంబరు చూడండి, గీత తర్వాత అంకె రెండింటికీ ఒకటే ఉండాలె.

చివరికి రెండు చక్రాలూ 622కే మార్చిన, రెండూ 36 పుల్లలు. 40 మి.మీ. టైరు వేస్తే బయటి వ్యాసం పాతదానికంటే 13 మి.మీ. తగ్గుతది అంతే, కంటికి తెలియదు. టైరు రంగు తెలుపు కాదు, గోధుమ కలిసిన క్రీమ్ కలర్ వెతకండి. ఇది ఫ్యాషన్ కోసం చెప్పట్లే, 1910ల దాకా టైర్లు నిజంగానే ఆ రంగువి, రబ్బరులో కార్బన్ పొడి కలపడం మొదలైనంకనే నల్లగా అయినయి.

మోటారు, ఫోర్కు

36 వోల్టుల, 250 వాట్ల లోపు, గేర్లున్న ముందు హబ్ మోటారు, అంటే చక్రం నడుమ హబ్బులనే ఉండేది, తీస్కోండి. 350, 500 వాట్లవి పక్కనే అంతే ధరకి కనపడ్తయి, మనసు లాగుతది, వద్దు. వెనక మోటారుకి గాడి వెడల్పు 135 మి.మీ. కావాలె, మన ఫ్రేము అంత లేదు, సాగదీస్తే చైన్ లైను పోతది, అందుకే ముందు. పైగా మోటారుకి నల్ల రంగు కొడితే దూరం నుంచి పాత డ్రమ్ బ్రేకు హబ్బు అనుకుంటరు.

ముందు మోటారు స్టీలు ఫోర్కుకే. అల్యూమినియం ఫోర్కుకి పెడితే గాడి ఒక రోజు బిస్కెట్ లెక్క విరుగుతది, చక్రం మీకంటే ముందు పోతది. మన పాత ఫోర్కు స్టీలే, కానీ ఇరుకు. నాది లోపల కొలిస్తే 91 మి.మీ., మోటారుకి 100 కావాలె. ఒక అడుగు పొడుగు థ్రెడ్ రాడ్, నాలుగు నట్లు, నాలుగు వాషర్లు, రాణిగంజ్‌ల ఏ హార్డ్‌వేర్ షాపులనైనా దొరుకుతయి. రాడ్‌ని గాడిల పెట్టి లోపలి నట్లని రెండు పక్కలా చెరో అర చుట్టు తిప్పుకుంటూ మెల్లగా తెరవండి. స్టీలు కొంచెం వెనక్కి వస్తది, కాబట్టి 100 కావాలంటే 108, 110 దాకా తెరిచి వదిలి కొలవాలె, చాలకపోతే మళ్లీ. తొందరపడితే ఒక కాలే వంగుతది, రెండోది అట్లనే ఉంటది.

గాడి కూడా చిన్నది. మోటారు ఇరుసు చదును పక్క 10 మి.మీ. ఉంటది, మన గాడి అంతకంటే సన్నం. సన్న ఆకురాయితో రెండు అంచులూ సమానంగా కొంచెం కొంచెం తీయండి, ఇరుసు లాగకుండా నొక్కితే దిగేంత, అంతకంటే ఒక్క చిటికెడు ఎక్కువ వద్దు. గ్రైండర్ ముట్టకండి. ఆ తర్వాత టార్క్ ఆర్మ్, ఇరుసు గాడిల తిరగకుండా పట్టుకునే ఇనుప ముక్క, కిట్టుల రాకపోతే విడిగా కొనండి. దీని గురించి బేరం లేదు. మోటారు చక్రాన్ని ముందుకు తోస్తుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తది, ఒక్కసారి తిరిగిందంటే లోపలికి పోయే వైర్లన్నీ మెలిపడి తెగుతయి, చక్రం ఊడొచ్చినా ఆశ్చర్యం లేదు. వైరు బయటికొచ్చే పక్క కిందికి చూసేటట్టు పెట్టి, వైరుని ముందు కిందికి వేలాడదీసి తర్వాత పైకి తీస్కపోండి, అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతయి, లేకపోతే వైరు పట్టుకుని నేరుగా మోటారు కడుపులకి పోతయి.

చక్రం విడిగా అల్లించేదుంటే, మోటారు లావు కాబట్టి పుల్లలు పొట్టిగా ఉంటయి, మామూలు సైకిల్ లెక్క ఒక్కో పుల్లని పక్క పుల్లల మీదుగా మూడు సార్లు దాటించి అల్లితే రిమ్ము దగ్గర పుల్ల మరీ ఏటవాలుగా వచ్చి నిప్పిల్ (పుల్ల చివరి నట్టు) దగ్గర తెగుతది, ఒకటి లేదా రెండు దాటింపులు చాలు. బెండ్ తీసేది చేతకాకపోతే పాత మిస్త్రీకి ఇవ్వండి, నేను మూడు ఆదివారాలు కుస్తీ పట్టి చివరికి మా గల్లీ చాచా దగ్గరికే తీస్కపోయిన, ఆయన ఇరవై నిమిషాలల్ల చేసి ఒక చాయ్ డబ్బులు తీస్కున్నడు.

ట్యాంకు, దాంట్ల బ్యాటరీ

అసలు అందమంతా ఇక్కడుంది, ఇక్కడ తొందరపడొద్దు. ముందు అట్టపెట్టె. ఏదైనా పార్సిల్ డబ్బా కోసి రెండు బార్ల మధ్య ఖాళీకి అట్ట ట్యాంకు చేయండి, టేపుతో అంటించి బండి మీద కూర్చుని పెడల్ తొక్కి చూడండి. వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు దాటితే మోకాళ్లు రాసుకుంటయి. ముందు భాగం కొంచెం గుండ్రంగా, వెనక భాగం సీటు దగ్గర సన్నబడితే పాత బండి పోలిక వస్తది, ఊరికే ఇటుక లెక్క చేస్తే టిఫిన్ డబ్బా కట్టినట్టు ఉంటది. నేను నాలుగు అట్ట ట్యాంకులు చేసి పారేసిన, ఇంట్ల వాళ్లు ఇది బండి కోసమా గణేశ్ మండపం కోసమా అన్నరు.

బ్యాటరీకి నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఎంచుకున్న. మామూలు లిథియం అయాన్ తేలిక, చిన్నది, ఒప్పుకుంట, కానీ మే నెలల మన దగ్గర 42 డిగ్రీలు, రేకు డబ్బాల ఇంకా ఎక్కువ, దాని మీద కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చునేది మనమే. ఫాస్ఫేట్‌ది వేడికి ఓర్చుకుంటది, ఎక్కువ ఏండ్లు వస్తది. 32700 అనే సెల్స్ ఉంటయి, 32 మి.మీ. లావు, 70 మి.మీ. పొడుగు, ఒక్కోటి 3.2 వోల్టులు, 6 ఆంపియర్ అవర్. వరుసగా 12, జంటగా 2, మొత్తం 24 సెల్స్. 38.4 వోల్టులు, 12 ఆంపియర్ అవర్, అంటే 460 వాట్ అవర్. సెల్స్‌ని బండికి అడ్డంగా పడుకోబెట్టి పైన 12, కింద 12 పేరిస్తే పొడుగు దగ్గరదగ్గర 40 సెంటీమీటర్లు, ఎత్తు ఏడు లోపు, వెడల్పు ఎనిమిది లోపు. మన డబల్ బార్ ఖాళీ కోసమే పుట్టినట్టుంది ఈ లెక్క. కాకపోతే రెండు బార్ల మధ్య జాగా ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, మీ దాంట్ల ప్యాకుతో పాటు చుట్టూ రబ్బరు, రేకు పట్టకపోతే ట్యాంకుని కింది బార్ కింద వేలాడదీయండి, అట్లాంటి పాత బండ్లు కూడా ఉండేవి.

ప్యాకు ఇంట్ల వెల్డింగ్ చేయకండి. నేను చేయలే. అట్ట డబ్బా తీస్కపోయి బ్యాటరీలు కట్టేటోళ్ల ముందు పెట్టి దీంట్ల పట్టాలె అన్న, కట్టిచ్చిన్రు. అడగాల్సినయి: 12 వరుసల బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) 20 ఆంపియర్లకి తక్కువ కాకుండా, సెల్స్ మధ్య ఫిష్ పేపర్ (కరెంటు దాటనియ్యని మందం కాగితం), ఛార్జర్ 43.8 వోల్టులది, ఫాస్ఫేట్‌కే చేసింది. 36 వోల్టుల మామూలు లిథియం ఛార్జర్ 42 దగ్గర ఆగుతది, ప్యాకు పూర్తిగా నిండదు. 48 వోల్టులది పెడితే ఏమయితదో చెప్పాల్సిన పని లేదు.

ట్యాంకు ఒక మిల్లీమీటర్ అల్యూమినియం షీటుతో చేసిన. ఎడమ పక్క పలక బోల్టులతో ఊడేటట్టు, మిగతాదంతా రివిట్లు. రివిట్లు దాయకండి, వరుసగా సమానంగా కొట్టండి, అదే దాని అందం. లోపల నాలుగు పక్కలా 3 మి.మీ. రబ్బరు, కింద రెండు చిన్న హోల్స్ నీళ్లు పోవడానికి. పైన ఇత్తడి మూత పెట్టిన, పెట్రోల్ మూత లెక్క, దాని కింద ఛార్జింగ్ సాకెట్ ఉంది. బంకుల ఎవరన్నా చూస్తే పెట్రోల్ పోయాలా అన్నా అని అడుగుతరు.

వైరింగ్

దీంట్ల గొప్ప విద్య ఏం లేదు, ఓపిక కావాలె. గుజరాతీ గల్లీల మంచి మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, ఏ వైరు రంగునీ నమ్మకుండా ప్రతిదీ కొలిచే కలపండి, బ్యాటరీ ప్లస్ మైనస్ తారుమారైతే కంట్రోలర్, అంటే మోటారుకి కరెంటు ఎంత పోవాలో చూసే డబ్బా, ఒక్క చిటపటతో పోతది. బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ వైరుకి ట్యాంకులనే 20 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత ఎక్స్‌టీ 60 కనెక్టర్, ఆ పైన కంట్రోలర్. మెయిన్ వైరు 2.5 చదరపు మి.మీ. రాగిది. మోటారుకి మూడు లావు వైర్లు, ఐదు సన్న వైర్లు ఉంటయి, సన్నయి లోపలి సెన్సార్లవి, కొన్ని కిట్లల్ల అన్నీ కలిపి ఒకే నీళ్లు దూరని ప్లగ్గులో వస్తయి, ఆ రకమే తీస్కోండి. కంట్రోలర్ నుంచి సన్న ఎర్ర వైరు ఒకటి విడిగా ఉంటది, అది తాళం స్విచ్‌కి. స్పీడు లిమిట్ వైరు జత ఒకటి ఉంటది, అది 25 దగ్గర ఆపే పద్ధతిలోనే ఉంచండి, పైన చెప్పిన రూలు దాని మీదనే నిలబడి ఉంది.

కంట్రోలర్‌ని ట్యాంకుల పెట్టకండి, దానికి వేడి ఎక్కువ, బ్యాటరీకి కూడా వేడి పుట్టిస్తది. సీటు వెనక వేలాడే పాత పనిముట్ల సంచి ఉంటది చూడండి, తోలుది, దాంట్ల రేకు పలక పెట్టి కంట్రోలర్‌ని దానికి బోల్టు చేసిన, కింద గాలి పోయేటట్టు తెరిచి ఉంచిన. వైర్లన్నింటికీ నల్ల ప్లాస్టిక్ గొట్టం బదులు నేత నూలు తొడుగు వేయండి, పాత రేడియో వైర్ల మీద ఉంటదే అట్లాంటిది, ఎనభై రూపాయల ఈ పని బండి వయసుని యాభై ఏండ్లు పెంచుతది.

పెడల్ సెన్సార్, అంటే మనం తొక్కుతున్నది పసిగట్టి మోటారుని నడిపించేది, దాని గురించి ఒక మాట. కిట్టులది మామూలు కొత్త సైకిళ్లకి చేసింది, మన కాటర్ పిన్ను ఇరుసుకి గుండ్రటి అయస్కాంతం బిళ్ల ఎక్కాలంటే రెండు ముక్కలుగా విడిపోయే రకం కావాలె. నేను దొరికేదాకా ఆగి పెట్టిన, అది లేకుండా థ్రాటిల్ (ఎక్సలేటర్ పిడి) ఒక్కదానితో నడిపితే బంజారాహిల్స్ ఎత్తులల్ల బ్యాటరీ కరిగిపోతది. 250 వాట్లు అంటే ఎత్తుల మనం కూడా తొక్కాల్సిందే.

రంగు, గీతలు, మిగతా సోకులు

ఫ్రేము పౌడర్ కోటింగ్ బాలానగర్ వైపు చేపిచ్చిన. ఇచ్చే ముందు పెడల్ ఇరుసు గూడు మరలకీ, హ్యాండిల్ కప్పుల చోటుకీ టేపు వేయమని చెప్పండి, లేకపోతే వచ్చినంక ఒక రోజంతా గీకుడే. రంగు ముదురు పచ్చ, మెరూన్, నలుపు, ఈ మూడింట్ల ఏదైనా. మెటాలిక్ మెరుపు రంగులు వద్దు, బండి మొత్తం అబద్ధం చెప్తున్నట్టు ఉంటది.

క్రోమ్ కూడా వద్దు. క్రోమ్ పూత 1920ల చివర్ల గానీ మామూలుగా రాలే, అంతకుముందు అంతా నికెల్. నికెల్‌కి కొంచెం పసుపు ఛాయ ఉంటది, వెండి చెంబు లెక్క. ప్లేటింగ్ చేసేటోళ్లకి క్రోమ్ వేయకుండా నికెల్ దగ్గరే ఆపమని చెప్పండి, వాళ్లు మెరవదు సార్ అంటరు, అదే మనకి కావాల్సింది.

హ్యాండిల్‌కి కొత్తది కొనకండి. పాత హ్యాండిలే తలకిందులు చేసి బిగించండి, పట్టుకునే చేతులు కిందికి వెనక్కి వస్తయి, ఆ ఒక్క తిప్పుడుతో బండి పాల సైకిల్ నుంచి రేసు బండి అయితది. అయితే రోజూ ఆఫీసుకి పోయేటోళ్లకి నడుం పట్టేస్తది, అట్లాంటోళ్లు మామూలుగానే ఉంచండి. స్ప్రింగుల తోలు సీటు ఉంచండి. హెడ్‌లైటుకి పాత డైనమో లైటు గిన్నె తీస్కుని లోపల 12 వోల్టుల వెచ్చటి పసుపు ఎల్‌ఈడీ, దానికి 38 నుంచి 12కి దించే చిన్న కన్వర్టర్. రబ్బరు బుడ్డి హారన్ పెట్టండి, ట్రాఫిక్‌ల ఎలక్ట్రిక్ హారన్‌కి ఎవరు జరగరు, దీనికి నవ్వుకుంటనైనా జరుగుతరు. కొందరు ఉత్త ఇంజన్ బొమ్మ చేసి కింద తగిలిస్తరు, అది నాకు పెండ్లిల అద్దె నగలు వేసుకున్నట్టు అనిపిస్తది, మీ ఇష్టం.

ట్యాంకు మీద బంగారు గీత మాత్రం స్టిక్కర్ వేయకండి. చేత్తో సైన్ బోర్డులు రాసేటోళ్లు ఇంకా ఉన్నరు, ఫ్లెక్సీలొచ్చినంక వాళ్లకి పని తక్కువైంది. ఒకాయన్ని పట్టుకుని ట్యాంకు ముందు పెట్టిన, పొడుగు వెంట్రుకల బ్రష్ తీసి ఊపిరి బిగబట్టి ఒక్క లాగుల గీసిండు. దగ్గరికి పోయి చూస్తే గీత మధ్యల కొంచెం లావు, చివర్ల సన్నం. మిషన్ అట్ల గీయదు.

రోడ్డెక్కే ముందు

ముందు చక్రం పైకెత్తి థ్రాటిల్ మెల్లగా తిప్పండి, సాఫీగా తిరగాలె, గుర్రుమని వణికితే సెన్సార్ వైర్లు సరిగ్గా కూర్చోలేదు. బ్రేకు లివర్ కొంచెం లాగగానే మోటారు ఆగాలె. తర్వాత సెల్లార్‌ల మోటారు లేకుండా ఉత్త పెడల్ మీద తిప్పండి, బ్రేకులు పది సార్లు కొట్టండి, హెల్మెట్ పెట్టుకోండి, అప్పుడు గానీ మోటారు.

నేను మొదటిసారి నెక్లెస్ రోడ్డు మీద పొద్దున ఐదున్నరకి తీసిన, నిండు ఛార్జింగ్‌ల తొక్కుకుంటూ పోతే ఇప్పటికి 28 నుంచి 32 కిలోమీటర్ల మధ్య వస్తుంది. ఎండల తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, అర్ధగంట ట్యాంకు చల్లారనియ్యండి. వానకాలంల మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద లాంటి చోట్ల ఇరుసు మునిగేంత నీళ్లుంటే దిగి నడిపించుకుని కూడా పోవద్దు, వేరే దారి చూస్కోండి, హబ్ మోటారు చినుకులకి తట్టుకుంటది, చెరువుకి కాదు.

మొదటి 50 కిలోమీటర్లకి ఆగి ఇరుసు నట్లు, టార్క్ ఆర్మ్, కోస్టర్ చెయ్యి క్లాంపు, కాటర్ పిన్ను నట్లు మళ్లీ బిగించండి, కొత్త పిన్ను కూర్చునే కొద్దీ వదులైతది. పుల్లలు జతజతగా వేళ్లతో నొక్కి చూడండి, కొత్త చక్రంల కొన్ని కచ్చితంగా వదులయి ఉంటయి. నాయి ఏడు వదులైనయి, అన్నీ ముందు చక్రంవే, మళ్లీ చాచా దగ్గరికే పోయిన, ఈసారి ఆయన డబ్బులు తీస్కోలే, ఒక రౌండు వేస్త ఇయ్యి అన్నడు.